2020 టెన్త్‌లో నాకు 9.3, 2021లో తమ్ముడికి 10: ఈ కరోనా గ్రేడ్లను అసలు ఎలా వేశారు?

బీఎస్సీ_అక్క అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. తెలంగాణలో నాది 2020 టెన్త్ బ్యాచ్, మా తమ్ముడిది 2021. ఇంట్లో ఇద్దరం కరోనా పాసులమే అన్నమాట. నా మెమోలో 9.3 ఉంది, వాడి మెమోలో 10.

ఇన్నాళ్లూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాడు నన్ను ఏడిపించేవాడు, నేను వాణ్ని తిట్టేదాన్ని, అంతే. ఈమధ్య పోస్టాఫీసు జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) ఉద్యోగాలకు ఇద్దరం అప్లై చేద్దామని కూర్చున్నప్పుడు అసలు సంగతి తెలిసింది. ఆ ఉద్యోగానికి రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులను బట్టే మెరిట్ లిస్టు తీస్తారు. మెమోలో గ్రేడ్ పాయింట్లు మాత్రమే ఉంటే వాటిని 9.5తో గుణిస్తారట. అలా చూస్తే వాడికి 95, నాకు 88.35. ఈ రెండింటి మధ్య ఎన్ని వేల మంది ఉంటారో ఊహించుకోండి.

నిజం చెప్పాలంటే చదువులో వాడు నాకంటే ముందేమీ కాదు (ఇది వాడు చదివితే చదవనీ). టీశాట్ అనే ప్రభుత్వ విద్యా చానెల్‌లో పాఠాలు వస్తుంటే టీవీ మోగుతూ ఉండేది, వాడు ఫోన్‌లో ఆడుకుంటూ ఉండేవాడు. నేనైతే 2020 మార్చి 19న మొదలైన పరీక్షల్లో మూడు పేపర్లు రాసి వచ్చాను కూడా. తెలుగు రెండు, హిందీ ఒకటి. ఇంగ్లీషుకి చదువుతుండగా వాయిదా వేశారు. జూన్‌లో మళ్లీ పెడతామన్నారు, చివరికి రద్దు చేశారు. నేను రాసిన ఆ మూడు పేపర్లు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఇంటర్ ఫస్టియర్ అంతా ఆన్‌లైన్‌లోనే గడిచింది. పరీక్ష లేకుండానే సెకండియర్‌కి పంపారు. సెకండియర్ మధ్యలో, 2021 అక్టోబర్‌లో, వెనక్కి పిలిచి ఫస్టియర్ పరీక్ష పెట్టారు. డిసెంబర్‌లో ఫలితాలు వస్తే రాష్ట్రం మొత్తం మీద 49 శాతమే పాస్. నేను ఫిజిక్స్‌లో పోయాను. గొడవలయ్యాక, డిసెంబర్ 24న, అందరినీ పాస్ చేస్తున్నామని ప్రకటించారు. అలా నా మెమోలో ఫిజిక్స్‌కి 60కి 21 వచ్చి కూర్చుంది.

మొన్న ఒక ల్యాబ్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఇంటర్వ్యూ చేసినాయన నా రెండు మెమోలూ పక్కపక్కన పెట్టుకుని "టెన్త్‌లో 9.3, ఇంటర్‌లో 21! కరోనా పాసా?" అని నవ్వాడు. ఏం చెప్పాలో తోచక నేనూ నవ్వేశాను.

నేను అడగాలనుకున్నది ఇదీ. ఆ గ్రేడ్లు స్కూల్లో ఎలా వేశారో దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా చెప్తారా? ఇంకో పద్ధతిలో వేసి ఉండొచ్చా? ఇలాంటి ప్రశ్న మళ్లీ ఎదురైతే ఏమని చెప్పాలి?

మూడు_పేపర్ల_వీరుడు

నాదీ మీ బ్యాచే అక్కా. జూన్‌లో మాకు మాస్కులు, శానిటైజర్, బెంచీకి ఒక్కరు, సెంటర్లు పెంచడం అంటూ మళ్లీ హాల్‌టికెట్ల హడావుడి మొదలుపెట్టారు. 8వ తేదీ పరీక్ష అనగా, రెండు రోజుల ముందు హైకోర్టు జీహెచ్‌ఎంసీ పరిధిలో వద్దు, మిగతా చోట్ల పెట్టుకోండి అంది. సగం మందికి పరీక్ష పెట్టి సగం మందికి పెట్టకపోతే మెమోలు ఎప్పుడిస్తారు, కాలేజీలు ఎప్పుడు మొదలవుతాయి? 8వ తేదీకే మొత్తం రద్దు చేసేశారు. ఆ రోజు నేను ఎగిరి గంతేశాను, అబద్ధం చెప్పను. గ్రేడ్లు ఎలా వేస్తారో అని అప్పుడు ఒక్కరూ అడగలేదు. మా నాన్న ఒక్కడే "మరి మార్కులో?" అన్నాడు, మేమెవరం పట్టించుకోలేదు.

నాకు 8.7. ఆ మూడు పేపర్లూ నేను మా స్కూల్లో అందరికంటే బాగా రాశాననే ఇప్పటికీ చెప్పుకుంటాను. కాదని నిరూపించే దమ్ము ఎవరికీ లేదు :)

లెక్కల_మాస్టారు

అమ్మా, నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆ రెండేళ్లూ మా స్కూల్లో టెన్త్ ఇంటర్నల్ మార్కుల ఎంట్రీ నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు.

మామూలు ఏడాదిలో ఒక్కో సబ్జెక్టుకి పబ్లిక్ పరీక్ష 80, ఇంటర్నల్ 20. ఆ 20 మార్కులు ఏడాది పొడుగునా స్కూల్లోనే జరిగే నాలుగు ఎఫ్‌ఏల (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల) సగటు. ఒక్కో ఎఫ్‌ఏలో నాలుగు భాగాలుంటాయి: పిల్లలు పాఠంలో పాల్గొనడం, నోటుపుస్తకంలో రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్. వీటిలో కూర్చోబెట్టి రాయించేది స్లిప్ టెస్ట్ ఒక్కటే. మిగతా మూడూ టీచర్ చూసి, తన అంచనాతో వేసేవి. పైనుంచి బృందాలు వచ్చి రికార్డులు పరిశీలిస్తాయి. రికార్డు ఉందా లేదా అన్నది వాళ్లు చూడగలరు. ఈ పిల్లకి 18 ఎందుకు, 19 ఎందుకు కాదు అన్నది వాళ్లకెలా తెలుస్తుంది?

ఇంటర్నల్స్ విషయంలో చేతులు ఎప్పుడూ ధారాళమే. ప్రైవేటు స్కూళ్లలో 20కి 20 దాదాపు రివాజు. మా స్కూళ్లలో కొంచెం బిగువు ఎక్కువ, 16, 17, 18 అలా వేసేవాళ్లం. అదేం పెద్ద నష్టం కాదులే అనుకునేవాళ్లం, ఎందుకంటే పిల్లల మధ్య తేడా తేల్చడానికి వెనకాల 80 మార్కుల పేపర్ ఉంది. దాన్ని మా స్కూల్‌తో సంబంధం లేని టీచర్ ఎక్కడో స్పాట్ వాల్యుయేషన్ సెంటర్‌లో పేరు తెలియకుండా దిద్దుతాడు.

2020లో ఆ 80 పోయింది. మిగిలిన 20ని అయిదుతో గుణించి 100 చేశారు. ఊతకర్రగా పెట్టుకున్నదాన్ని దూలంగా ఎక్కించారు.

ఇప్పుడు నీ లెక్కే చూద్దాం. 91 నుంచి 100 వరకు ఏ1, పది పాయింట్లు. 81 నుంచి 90 వరకు ఏ2, తొమ్మిది పాయింట్లు. 20కి 19 వస్తే అయిదు రెట్లు చేసి 95, పది పాయింట్లు. 18 వస్తే సరిగ్గా 90, తొమ్మిది పాయింట్లు. మధ్యలో 91, 92 అనేవి వచ్చే దారే లేదు. ఒక్క మార్కు తేడాతో ఒక గ్రేడ్ పాయింటు పోతుంది. నీ 9.3 అంటే ఆరు సబ్జెక్టుల్లో కలిపి 56 పాయింట్లు, అరవైకి నాలుగు తక్కువ. హిందీకి గ్రేడ్ హద్దులు కొంచెం వేరుగా ఉంటాయి, దాన్ని పక్కన పెడదాం. నాలుగు సబ్జెక్టుల్లో నీకు 18 చొప్పున పడ్డాయనుకో. ఒక్కోదానిలో ఒక్క మార్కు ఎక్కువ పడి ఉంటే నీదీ 10 అయ్యేది. మొత్తం 120 ఇంటర్నల్ మార్కుల్లో నాలుగు మార్కులు! ప్రాజెక్టు రెండ్రోజులు ఆలస్యంగా ఇచ్చావనో, నోట్సులో మార్జిన్ కొట్టలేదనో పోయిన మార్కులు అయి ఉండొచ్చు. జీడీఎస్ లెక్కకి వచ్చేసరికి అవే 6.65 అయి కూర్చున్నాయి.

ఇక మీ తమ్ముడి సంగతి. 2020 సెప్టెంబర్ నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల పిల్లలు బడికి వచ్చారు. మార్చి 24 నుంచి మళ్లీ మూత. ఈ మధ్యలో జరిగింది ఎఫ్‌ఏ1 ఒక్కటే. అప్పటి పిల్లల్ని చూసి ఉంటే నీకూ జాలేసేది. కొంతమంది పెన్ను పట్టుకుని గట్టిగా ఒక పేజీ రాయలేకపోయారు. వర్గ సమీకరణం మాట దేవుడెరుగు, ఎనిమిదో తరగతిలో చెప్పినవే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఎలాగోలా వచ్చారు కదా, భయపెట్టకూడదు అని మార్కులు కాస్త చూసీచూడనట్టు వేశాం. మా హెడ్‌మాస్టర్ గారు రిజిస్టర్‌లో ఇంకుతో ఎక్కిన మార్కు మీద ఒక్క దిద్దుబాటు కూడా ఒప్పుకోలేదు. పరీక్షలు రద్దయ్యాయని తెలిసిన రోజు నుంచి తల్లిదండ్రుల ఫోన్లు మాత్రం ఆగలేదు. అన్ని స్కూళ్లలోనూ ఇంత పట్టుగా ఉన్నారని నేను హామీ ఇవ్వలేను.

ఆ ఏడాది మే 21న ఫలితాలు వచ్చాయి. 5,21,073 మంది పాస్, అందులో 2,10,647 మందికి 10 జీపీఏ. మామూలు ఏడాదిలో ఆ సంఖ్య వేలల్లో ఉంటుంది. అయిదుగురిలో ఇద్దరికి పదికి పది వచ్చిందంటే, ఆ పది చూసి ఒక పిల్లవాడి గురించి ఏమీ చెప్పలేం. నిజంగా బాగా చదివినవాడు ఆ గుంపులో కలిసిపోయాడు. నాకు ఎక్కువ బాధ వాళ్ల గురించే. మా స్కూల్లో ఒకమ్మాయి ఉండేది, ఏ ఏడాది రాసినా పదికి పది తెచ్చుకునేది. ఆ అమ్మాయికీ పదే, స్లిప్ టెస్ట్‌లో పక్కవాడిది చూసి రాసినవాడికీ పదే.

ఇంకో పద్ధతి ఉండేదా అన్నావు. పరీక్ష రద్దు చేయడం తప్పని నేను అనను. 2020 జూన్‌లో అయిదు లక్షల పైచిలుకు పిల్లల్ని బస్సులెక్కించి సెంటర్లకు రప్పించడం నా వల్ల అయితే అయ్యేది కాదు. కానీ మీరు రాసిన మూడు పేపర్లు ఉన్నాయి కదా, వాటిని వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదే ఏడాది సీబీఎస్‌ఈ చేసింది చూడు. మూడు కంటే ఎక్కువ పేపర్లు రాసినవాళ్లకి, బాగా వచ్చిన మూడింటి సగటు తీసి రాయని పేపర్లకు వేశారు. మూడే రాసినవాళ్లకి మంచివి రెండు తీసుకున్నారు. భాష పేపర్ల మార్కు చూసి లెక్కలకి మార్కు వేయడం ఏమిటని అడుగుతావు. నిజమే, అది అతుకే. అయినా పిల్ల తన చేత్తో రాసింది, బయటి టీచర్ దిద్దింది ఏదో ఒకటి అందులో ఉంటుంది. మన మూడు పేపర్లనూ ఇంటర్నల్స్‌నీ కలిపి ఉంటే మీ గ్రేడ్లకు కాస్త బలం ఉండేది.

2021లో సీబీఎస్‌ఈ పన్నెండో తరగతికి 30:30:40 అని పెట్టింది. పదో తరగతి బోర్డు మార్కులకు 30, పదకొండుకి 30, పన్నెండులో స్కూల్ పెట్టిన పరీక్షలకు 40. స్కూళ్లు ఇష్టమొచ్చినట్టు వేయకుండా, అంతకుముందు మూడేళ్లలో ఆ స్కూల్‌కి బాగా వచ్చిన ఏడాదిని కొలతగా పెట్టారు. దీంతో మార్కుల ఉబ్బు కొంత తగ్గుతుంది కానీ, మీ సీనియర్లు సరిగా చదవకపోతే ఆ భారం మీ మీద పడుతుంది. అంత కట్టుదిట్టంగా చేసినా ఆ ఏడాది పన్నెండులో 99.37 శాతం పాసయ్యారు.

నా మటుకు నాకు గ్రేడ్లు వేసిన తీరు కంటే వాటిని వాడుతున్న తీరే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. 2021 పిల్లలందరూ ఒకే తూకంలో తూగారు, వాళ్లలో వాళ్లని పోల్చుకుంటే సరే అనుకుందాం. 2019లో పేపర్ రాసి 9.2 తెచ్చుకున్నవాణ్ని, 2020లో నాలుగు ఎఫ్‌ఏల సగటుతో 9.3 వచ్చిన నిన్నూ, ఒక్క ఎఫ్‌ఏ1తో 10 వచ్చిన మీ తమ్ముణ్నీ ఒకే మెరిట్ లిస్టులో కూర్చోబెడితే అది ఏ రకం మెరిట్? జేఈఈ మెయిన్ వాళ్లు ఆ మూడేళ్లూ, 2020 నుంచి 2022 దాకా, ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న షరతునే పక్కన పెట్టేశారు. ఆ మార్కుల మీద నమ్మకం లేనప్పుడు వాటిని వాడకుండా ఉండటమే మర్యాద.

కృష్ణా_తీరం

మాస్టారూ, బాగా చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో మాది ఇంకో రకం కథ. టెన్త్‌లో 20 ఇంటర్నల్ మార్కులు మాకు కరోనాకు ముందే, 2019లోనే, తీసేశారు. స్కూళ్లు సొంతంగా మార్కులు దండుకుంటున్నాయన్నదే కారణం. ఆ నిర్ణయం మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి కరోనా వచ్చింది. పరీక్ష లేదు, లెక్కలోకి తీసుకునే ఇంటర్నల్సూ లేవు. పేపర్లు పదకొండు నుంచి ఆరుకి తగ్గించి జులైలో పెట్టాలని చూశారు, అదీ కుదరలేదు. జూన్ 20న రద్దు చేసి "అందరూ పాస్" అన్నారు. నా మెమోలో గ్రేడే లేదు, ఉత్త పాస్.

ఉత్త పాస్ మెమో ఉన్నవాళ్ల బాధ మీకు తెలియదు. ఏ దరఖాస్తు ఫారంలో చూసినా "పర్సంటేజీ" అన్న గడి ఉంటుంది, దానికి స్టార్ ఉంటుంది. నింపకపోతే ముందుకు కదలదు. ఉద్యోగాలకీ పై చదువులకీ అడ్డం వస్తోందని గొడవ అయ్యాక, 2021లో కమిటీ వేసి, ఆ ఏడాది పిల్లలతో పాటు మా 2020 వాళ్లకీ స్కూల్ పరీక్షల ఆధారంగా గ్రేడ్లు ఇచ్చారు. నేను అప్పటికి ఇంటర్ సెకండియర్‌లోకి వచ్చేశాను.

2021లో మా దగ్గర పరీక్షలు పెట్టి తీరతామని చివరిదాకా పట్టుబట్టారు. సుప్రీంకోర్టు జూన్ 24న గట్టిగా అడిగింది. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారం ఇమ్మంటాం అన్నంతదాకా వెళ్లింది. ఆ సాయంత్రమే టెన్త్, ఇంటర్ రెండూ రద్దు. ఇంటర్ సెకండియర్‌కి టెన్త్ నుంచి 30 శాతం, ఫస్టియర్ నుంచి 70 శాతం తీసుకున్నారు. ఇంటర్ ఫస్టియర్ మార్కులు బోర్డు పరీక్షవి కాబట్టి అది ఉన్నంతలో మేలైన పద్ధతే అనిపించింది.

నేను చెప్పాలనుకున్నది 2022 గురించి. మా చెల్లెలిది ఆ బ్యాచ్. ఎనిమిది చివర్లో బడి మూసేశారు, తొమ్మిది సగం ఇంట్లో, పది ఎలాగోలా. వాళ్లకి మాత్రం పూర్తి పబ్లిక్ పరీక్ష! 67.26 శాతం పాస్. 2019లో అది 94.88. కరోనా పాస్ అని మనల్ని చూసి నవ్వుతారు గానీ, కరోనా ఫెయిల్ అయినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. బీఎస్సీ అక్కా, నీ ఫిజిక్స్ 21 వెనకాల ఉన్నదీ అదే కథ. ఏడాదంతా ల్యాబ్ మొహం చూడకుండా, ఫోన్‌లో చూసిన పాఠానికి బోర్డు పరీక్ష పెట్టారు.

లండన్_నుంచి_నాన్న

ఇక్కడి సంగతి కూడా రాస్తాను. మార్కుల్ని అదుపులో పెట్టాలని చూస్తే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్‌లో కళ్లారా చూశాం. మా పెద్దమ్మాయి అప్పుడు ఏ-లెవెల్స్. మన ఇంటర్ లాంటిది అనుకోండి, ఆ గ్రేడ్లను బట్టే యూనివర్సిటీ సీటు.

మార్చి 18న పరీక్షలు రద్దు చేశారు. ప్రతి సబ్జెక్టులోనూ ఒక్కో పిల్లవాడికి ఏ గ్రేడ్ వచ్చేదో టీచర్లు రాసివ్వాలి. దాంతో పాటు ఆ సబ్జెక్టు చదివే పిల్లలందరినీ ఒకటి నుంచి చివరిదాకా వరసలో పెట్టాలి, ఇద్దరికి ఒకే ర్యాంకు కుదరదు. టీచర్లు ఎలాగూ కొంచెం ఎక్కువే వేస్తారని, ఆఫ్‌క్వాల్ అనే నియంత్రణ సంస్థ ఒక లెక్క తయారు చేసింది. ఆ స్కూల్లో ఆ సబ్జెక్టుకి గత మూడేళ్లలో ఏ గ్రేడ్లు ఎంతమందికి వచ్చాయో చూసి, ఈ ఏడాది పిల్లల్ని టీచర్ ఇచ్చిన వరస ప్రకారం ఆ గడుల్లో సర్దేయడమే దాని పని. టీచర్ రాసిన గ్రేడ్ చాలాచోట్ల లెక్కలోకే రాలేదు. గత మూడేళ్లలో మీ స్కూల్లో ఎవరికీ ఏ-స్టార్ రాకపోతే, నువ్వు ఎంత బాగా చదివినా దాదాపు గోవిందా.

అయిదుగురు, అంతకంటే తక్కువ మంది ఉన్న క్లాసుల్లో మాత్రం లెక్క పనిచేయదని టీచర్ గ్రేడ్‌నే ఉంచారు. అంత చిన్న క్లాసులు ఎక్కడుంటాయి? ఫీజులు ఎక్కువున్న ప్రైవేటు స్కూళ్లలో. పెద్ద ప్రభుత్వ కాలేజీల పిల్లలు లెక్కకి దొరికిపోయారు. ఆగస్టు 13న ఫలితాలొస్తే దాదాపు 39 శాతం గ్రేడ్లు టీచర్లు ఇచ్చినదానికంటే తగ్గి ఉన్నాయి. పిల్లలు రోడ్డెక్కారు. స్కాట్లండ్‌లో అంతకు రెండ్రోజుల ముందే ఇలాంటి గొడవకి తలొగ్గి వెనక్కి తీసుకున్నారు. ఇంగ్లండ్‌లో 17వ తేదీన ఆ లెక్కని పక్కన పడేసి, టీచర్ ఇచ్చిందీ లెక్క ఇచ్చిందీ ఏది ఎక్కువైతే అది అన్నారు. దాంతో ఏ, ఏ-స్టార్ వాటా ముందు ఏడాది పాతిక శాతం ఉన్నది 38కి చేరింది. 2021లో పూర్తిగా టీచర్ల గ్రేడ్లే కాబట్టి 44 దాటింది. అందుకే మాస్టారు చెప్పిన ఆ సీబీఎస్‌ఈ కొలత గురించి చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. అక్కడ స్కూల్ సగటుకి హద్దు పెట్టి, ఎవరికి ఎంత తగ్గించాలో స్కూల్‌కే వదిలారు. ఇక్కడ యంత్రమే పిల్లవాడి గ్రేడ్ చెప్పేసింది.

ఐర్లాండ్ వాళ్లు ఇది చూసి స్కూల్ చరిత్రని లెక్కలోంచి తీసేశారు. తెలివైన పనే. కానీ ఫలితాలిచ్చాక ప్రోగ్రామ్‌లో తప్పు బయటపడింది. పిల్లవాడి పాత పరీక్షలో బాగా వచ్చిన రెండు సబ్జెక్టులు తీసుకోవాల్సిన చోట, తక్కువ వచ్చిన రెండు తీసుకుందట. 6 వేల మందికి పైగా పిల్లల గ్రేడ్లు మళ్లీ పెంచారు.

మా పెద్దమ్మాయికి ఆ గందరగోళంలో నష్టమేమీ జరగలేదు. చిన్నమ్మాయిది 2023. ఆ ఏడాది మళ్లీ పాత కొలతకి దించారు, ఏ, ఏ-స్టార్ కలిపి దాదాపు 27 శాతం. అక్క మెమోతో చెల్లెలి మెమో పోల్చుకుని మా ఇంట్లోనూ ఓ రెండు వారాలు మాటల్లేవు. మీ ఇంట్లో తమ్ముడు గెలిచాడు, మా ఇంట్లో అక్క గెలిచింది, అంతే తేడా.

బీఎస్సీ_అక్క

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, నాలుగు మార్కుల లెక్క చదివాక నా పాత ప్రోగ్రెస్ కార్డు వెతికి తీశాను. సోషల్‌లో 18, సైన్స్‌లో 18, ఇంగ్లీషులో 18. దాదాపు మీరు చెప్పినట్టే ఉంది. సోషల్ ప్రాజెక్టు నేను ఇవ్వనే లేదని టీచర్ అనడం, ఇచ్చానని నేను వాదించడం బాగా గుర్తుంది. లండన్ అంకుల్, మీ పిల్లల మాటల్లేని రెండు వారాలు చదివి మా తమ్ముడు తెగ నవ్వాడు.

ఇంటర్వ్యూ సంగతి ఎవరూ చెప్పలేదు కానీ.

ల్యాబ్_మేనేజర్

నేను చెప్తానమ్మా. ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో మనుషుల్ని తీసుకునే పని నాదే. 2020 నుంచి 2022 మధ్య టెన్త్, ఇంటర్ ఉన్న మెమోలు మా దగ్గరికి రోజూ వస్తాయి. అనుభవం ఉన్నవాడెవడూ వాటిని పక్కపక్కన పెట్టి నవ్వడు. నవ్వినాయన బహుశా కొత్తవాడు, లేదా నిన్ను కంగారు పెట్టి చూద్దామనుకున్నాడు.

ఆ ప్రశ్న మళ్లీ వస్తే క్షమాపణ చెప్పినట్టు మాట్లాడకు. రెండు వాక్యాలు చాలు: "టెన్త్ గ్రేడ్ ఇంటర్నల్స్‌ని బట్టి ఇచ్చారండీ. ఇంటర్ ఫస్టియర్ పూర్తిగా ఆన్‌లైన్, ఫిజిక్స్ తప్పాను, ప్రభుత్వం పాస్ చేసింది." అక్కడితో ఆపి, వెంటనే డిగ్రీ మెమో చేతికివ్వు. నీ బీఎస్సీ పరీక్షలన్నీ మామూలుగానే జరిగాయి కదా, నేనైతే చూసేది అదే. ప్రాక్టికల్స్ ఎక్కడ చేశావు, మైక్రోస్కోప్ మీద చెయ్యి తిరిగిందా, స్లయిడ్ స్టెయినింగ్ సొంతంగా చేశావా అని అడుగుతాను. మీ బ్యాచ్ పిల్లల్లో లోటు కనిపించేది నిజంగా అక్కడే. పిపెట్ పట్టుకోవడం రాక తడబడతారు, అది మార్కుల్లో కనిపించదు. ఆ ఇంటర్ రెండేళ్ల ల్యాబ్ పని నువ్వు తర్వాత ఎలా పూడ్చుకున్నావో చెప్పగలిగితే ఇంటర్వ్యూ సగం అయిపోయినట్టే.

అప్లికేషన్ ఫారాల్లో మాత్రం మెమోలో ఏముందో అదే రాయి, నీ అంతట నువ్వు పర్సంటేజీ కట్టకు. ఏ నోటిఫికేషన్‌లో గుణకం ఎంత ఇచ్చారో దానికి అదే. జీడీఎస్‌కి 9.5 అని ఇంకో చోటా అదే వేస్తే సర్టిఫికెట్ల పరిశీలనలో ఇరుక్కుంటావు.

లెక్కల_మాస్టారు

ల్యాబ్ మేనేజర్ గారి మాట విను అమ్మా. జీడీఎస్‌కి కూడా అప్లై చెయ్యి, 88 అని వదిలేయకు. లిస్టు డివిజన్ల వారీగా, కేటగిరీల వారీగా వస్తుంది. పోటీ తక్కువున్న చోట కిందకి దిగుతుంది. ఇద్దరూ ఒకే పోస్టుకి మాత్రం పెట్టుకోకండి. మీ తమ్ముణ్ని వేరే ఆప్షన్ ఇచ్చుకోమను.

బీఎస్సీ_అక్క

వాడు ఆల్రెడీ నేను పెట్టిన బ్రాంచికే పెట్టాడు మాస్టారూ. ఎడిట్ ఆప్షన్ ఇచ్చే రోజు దాకా ఆగి మార్పిస్తాను.